ముందు సీటు

మేళ్లచెరువు,
డిసెంబర్ 11, 2022

అక్కా,

ఈ ఉత్తరం చూసి కంగారు పడకు. ఇక్కడ ముగ్గురం బాగానే ఉన్నాం. నీ చెవులకు ఫోను పనికిరాదు. బావకు చేస్తే రెండు హాస్యాలాడి, నన్ను నవ్వించి పెట్టేస్తాడు. అడగాల్సిన మాట నా నోట్లోనే ఉండిపోతుంది. అందుకే బాపు నేర్పిన పాత పద్ధతిలో కాగితం పట్టుకొని కూర్చున్నాను.

సంగతేమిటంటే, కారు కొందామని ఉంది. చిన్నదే. నవ్వకు.

నీ మరదలు పుష్ప ఎప్పుడూ నోరు తెరిచి అడగలేదు. ఎదురు క్వార్టర్‌లో కారు దిగిన రోజున మాత్రం మా వాకిలి రెండుసార్లు ఊడ్చింది. హారికకు తొమ్మిదేళ్ళు, అది అడుగుతూనే ఉంటుంది. నీతో నిజం చెప్పాలంటే ఇది వాళ్ళిద్దరి కోసం మాత్రమే కాదు. నేను ఐటిఐలో చేరిన రోజు నీకు గుర్తుందా? బస్సు చార్జీ కూడా ఫీజులో కలిపేశామని బావ నన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకొని మోత్కూరు నుంచి నల్గొండ దాకా తొక్కాడు. దారిలో ఎదురుగాలి, ఎర్రటెండ. చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది. నేను వెనక నుంచి "బావా, నౌకరి దొరికినంక నిన్ను కార్ల ముందు సీట్ల కూసోవెట్టి తిప్పుత" అన్నాను. "ముందు సీటుకు కిటికీ ఉంటదారా?" అని అడిగాడు తొక్కుతూనే. ఆ మాట ఇన్నేళ్ళుగా నాలో కదులుతూనే ఉంది.

ఇప్పుడు నీ సలహా కావాలి. జీతంలో ఎంత భాగం కారుకు పెట్టొచ్చు? బ్యాంకు మనిషి సగం దాకా ఫికర్ లేదంటాడు. నాతో పనిచేసే శ్రవణ్ పావు వంతు దాటొద్దంటాడు. మా ఫ్యాక్టరీలో సున్నపురాయిని కాల్చే పెద్ద కొలిమి ఉంటుంది, కిల్న్ అంటాం. దసరా నుంచి దాన్ని ఆపి లోపలి ఇటుకలన్నీ మారుస్తున్నారు. మా ఫిట్టర్లందరికీ డబుల్ డ్యూటీ. ఈ రెండు నెలల జీతం నువ్వు చూస్తే దిష్టి తీస్తావు. ఆ లెక్కన కిస్తీ పావు వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే.

నువ్వు ఎంతంటావో రాయి. నువ్వన్నదే చేస్తాను.

నీ తమ్ముడు,
గిరి


మోత్కూరు,
డిసెంబర్ 20, 2022

తమ్మీ,

నీ ఉత్తరం పైకి చదివాను. బావ మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకొని అంతా విన్నాడు. విని "ఇంతకు కిటికీ ఉంటదంటనా లేదా?" అని ఒక్కటే అడిగాడు. ఆయనతో నాకు ఇరవై ఎనిమిదేళ్ళుగా ఇదే తంతు.

పావులూ సగాలూ నాకు తెలియవు. నాకు చీరలు తెలుసు. ఒక పడుగు మగ్గానికి ఎక్కిస్తే ఏడు చీరలు దిగుతాయి. మన ఇంట్లో ఆరు చీరల కూలి తిండికీ, కరెంటుకూ, మందులకూ పోతుంది. ఏడో చీర కూలి తిండికి ముట్టుకోము. బావ సైకిలు ఏడో చీర. నా చెవికి చేయించిన వైద్యం ఏడో చీర. నీ ఐటిఐ ఫీజు కూడా అదే. ఏడో చీర సరిపోకపోతే ఆ వస్తువు మనది కాదనుకున్నాం, ఏడ్చింది లేదు. నీ నెల జీతాన్ని ఒక పడుగు అనుకో. కారుకు ఏడోది ఇవ్వు. మనసు ఆగకపోతే ఇంకో సగం కలుపు. అంతకు మించి ఇస్తే ఇంట్లో ఎవరి కంచంలోంచో తీయాల్సి వస్తుంది.

ఇంకో మాట. మాఘమాసం పెళ్ళిళ్ళకు నూలిచ్చి నేయించుకునే సేటు తొందర పెడితే మేమూ నిద్ర మానుకొని నేస్తాం. ఆ నెల కూలి చూసుకొని పెద్ద ఇంటికి కిరాయి మాట్లాడుకోము. నీ కిల్న్ మళ్ళీ అంటుకున్నాక చేతికి ఎంత వస్తుందో దాని మీద వేసుకో లెక్క.

చివరికి ఒకటి అడుగుతాను. నువ్వు నన్ను అడుగుతున్నావా, చెప్తున్నావా? నీ చేతిరాత మరీ శుభ్రంగా ఉంది. చిన్నప్పుడు లెక్కల్లో సున్నా వచ్చిన రోజునే నువ్వింత గుండ్రంగా రాసేవాడివి.

అక్క,
లీలమ్మ


మేళ్లచెరువు,
జనవరి 22, 2023

అక్కా,

దొరికిపోయాను. నీకు ఉత్తరం రాసేనాటికే బయానా ఇచ్చేశాను. నువ్వు మూడో నాలుగో చీరలు అంటే నీ పేరు చెప్పుకొని కొనుక్కుందామనుకున్నాను. నువ్వు ఒకటిన్నర దగ్గర ఆపేశావు.

డబుల్ డ్యూటీ నెలల్లో నా కిస్తీ రెండు చీరలే. మామూలు నెలల్లో మూడు దాటుతుంది. బ్యాంకు వాళ్ళు చివరి మూడు నెలల కాగితాలు అడిగారు, నేను అవే ఇచ్చాను. ఇక్కడ అందరం చేసేది ఇదే. కిల్న్ ఆగిన చలికాలంలో క్వార్టర్లలోకి కొత్త వస్తువులు దిగుతాయి. వేసవి వచ్చేసరికి ఆ వస్తువుల మీద మనుషులు పోట్లాడుకుంటారు. పన్నెండేళ్ళుగా చూస్తున్నాను. చూస్తూనే వెళ్ళి అదే గుంటలో కాలు పెట్టాను. కానీ అక్కా, ఇచ్చేసిన తర్వాత చెప్తున్నాను కదా అని కోపం తెచ్చుకోకు, ఆ రోజు నాకు చాలా సంతోషంగా ఉండింది.

తెల్ల కారు. కోదాడలో తీసుకున్నాం. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, హారిక చేత కొబ్బరికాయ కొట్టించాం. పుష్ప ముందు సీటు తలుపు తీయబోతే నేను ఆపాను. "మా బావ కూసున్నంకనే ఎవలన్న" అన్నాను. అలుగుతుందనుకున్నాను. "గంతేనా, మీ బావ కూసున్నంక నేను కూసుంట" అని వెనక కూర్చుంది. ఇంటి దాకా ముందు సీటు ఖాళీగానే తెచ్చాను. తోలుతూ మాటిమాటికీ ఆ పక్కకే చూశాను.

నాకు సెలవు దొరకగానే వస్తాను. బావను తెల్ల పంచె ఉతికి పెట్టుకొమ్మను.

గిరి


మోత్కూరు,
ఫిబ్రవరి 19, 2023

తమ్మీ,

కొన్నావు కాబట్టి ఇక తిట్టను. తిట్లు కూడా ముందే ఖర్చు పెట్టుకోవాలి, కొన్న తర్వాత పనికిరావు. చల్లగా తిరగండి.

బావ నీ కారు సీట్లకు గుడ్డ నేద్దామని మొండికేశాడు. సేటు పని పక్కన పెట్టి, నూలు మీద చిలకల వరస గీసుకొని, ఒక్కో చిలకకూ రంగు అంటకూడని చోటల్లా రబ్బరు ముక్కలతో తనే ముడులు కట్టాడు. నేను నేశాను. మోత్కూరు బస్టాండులో పార్సిల్ వేశాను, కోదాడలో తీసుకో. ఒక చిలకకు ముక్కు లేదు. ముడి వదులై ముక్కు మీదికి రంగు పాకింది. అది నా పొరపాటు, బావను ఏమీ అనకు. ఆ ముక్క ఎక్కడైనా వెనక్కి వేయించు, కనపడదు.

బావ ఒక మాట చెప్పమన్నాడు. "మన కులపోళ్ళకు కారున్నట్టు తెల్వనియ్యకు. తెలిసిందంటే నీకు కారుంటది, తోలే పని ఉంటది, తిరిగే భాగ్యం మాత్రం ఉండదు" అన్నాడు.

నువ్వు ఇప్పుడే రావద్దు. ఆదివారాల్లో కూడా మగ్గం మీదే ఉంటున్నాం. తీరిక చూసుకొని నేనే రాస్తాను.

అక్క


మేళ్లచెరువు,
జూన్ 4, 2023

అక్కా,

గుడ్డ ఎంత బాగుందో! క్వార్టర్లలో అందరూ వచ్చి చేత్తో తడిమి చూశారు. ముక్కు లేని చిలకను వెనక్కి వేయించలేదు, బావ కూర్చునే ముందు సీటు వీపుకే వేయించాను. బావను అనొద్దన్నావు గానీ అనకుండా ఎలా ఉంటాను? నీళ్ళ మీద గీత గీసినా చెదరని చెయ్యి ఆయనది. చిలక ముక్కు మింగేశాడంటే ఆ రోజు నువ్వు బువ్వ పెట్టలేదేమో.

ఇక బావ చెప్పినట్టే అయింది. ఎవరికీ చెప్పలేదు, అయినా అందరికీ తెలిసింది. కోదాడ భీమయ్య బాబాయి, అదే మన బాపు పెదనాన్న కొడుకు, మేనకోడలి పెళ్ళని తెల్లారకముందే వచ్చి కూర్చున్నాడు. నేను కారు తాళం తీసి, పుష్పకు చెప్పి వచ్చేసరికి ముందు సీట్లో కాలు మీద కాలు వేసుకొని ఉన్నాడు. దిగమని ఎలా అంటాను? ఆ రోజు రోడ్డు కంటే ఆయన మోకాలు ఎక్కువ చూశాను. ఆ తర్వాత ఉప్పలమ్మ అత్త కండ్ల ఆపరేషన్, ఒకరి గృహప్రవేశం, ఇంకొకరి దినం. ఈ వేసవిలో నా సెలవు రోజులన్నీ అలాగే అయిపోయాయి.

మనవాళ్ళ దగ్గర కిరాయి అడగరాదు, వాళ్ళూ ఇవ్వరు. ఇస్తే అవమానించినట్టు. దానికి బదులు కడుపునిండా అన్నం పెట్టి, బొట్టు పెట్టి, ఒక తువ్వాల భుజం మీద వేసి పంపుతారు. మా ఇంట్లో తువ్వాళ్ళు గుట్టపడ్డాయి. నేత ఇంట్లో పుట్టి తువ్వాళ్ళకు పని చేస్తున్నాను. "పెట్రోల్ బంకుల తువ్వాలిస్తే పోస్తడా?" అంటుంది పుష్ప. ఒకసారి భీమయ్య బాబాయితో "పెట్రోల్ మస్తు పిరమైంది బాబాయ్" అని కదిపి చూశాను. "అవురా కొడుకా, నౌకరున్నోనివి కాబట్టి నీకు ఎల్లుతాంది. దేవుడు నిన్ను సల్లగ చూడాలె" అని తల మీద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి కింద ఏమని మాట్లాడను?

కిల్న్ మార్చిలోనే అంటుకుంది. డబుల్ డ్యూటీలు లేవు. నువ్వన్న ఏడు చీరల్లో మూడు కిస్తీకి, ఒకటి పెట్రోలుకు పోతున్నాయి. మిగిలిన మూడింటితో పుష్ప ఇల్లు నడుపుతోంది, ఎలాగో నన్ను అడగొద్దంది.

ఈ నెలలో ఒక రోజు ఎలాగైనా మోత్కూరు వస్తాను. ఏ రోజు ఇంట్లో ఉంటారో రాయి.

గిరి


మోత్కూరు,
జులై 16, 2023

తమ్మీ,

ఈ నెల రావద్దు. బావ నూలు పని మీద నల్గొండ తిరుగుతున్నాడు. ఎప్పుడు ఇంట్లో ఉంటాడో ఆయనకే తెలియదు. వచ్చే నెల కూడా చెప్పలేను.

కారు అమ్మేయి గిరీ. ఇప్పుడైతే ఎంతో కొంత చేతికి వస్తుంది. నాలుగు చీరలు మింగే వస్తువును ఇంటి ముందు పెట్టుకొని పుష్ప మొహం ఎలా చూస్తున్నావు? బావకు కారు ఎక్కాలని ఏమీ లేదు. సైకిలు తొక్కినప్పుడు అన్న మాటను అంత పట్టుకొని కూర్చోకు.

హారికకు ముద్దులు.

అక్క


మేళ్లచెరువు,
అక్టోబర్ 29, 2023

అక్కా,

మూడు నెలలు నీకు రాయలేదు. రాయబుద్ధి కాలేదు.

బతుకమ్మకు వస్తానంటే వద్దన్నారు. దసరా మరునాడు వస్తానని బావకు ఫోను చేస్తే "ఎందుకురా గంత దూరం, పెట్రోల్ దండుగ" అని పెట్టేశాడు. ఈసారి హాస్యం కూడా ఆడలేదు. నీ మాట వినకుండా కొన్నందుకే కదా ఇదంతా? నా కారు మీ వాకిట్లో ఆగితే మీకు చిన్నతనమా? ఊళ్ళో వాళ్ళందరి కాళ్ళూ దానిలో పడ్డాయి, మీ ఇద్దరివి తప్ప. ఎవరి కోసం కొన్నానో ఆయనే వద్దంటే ఇంకెవరికి చెప్పుకోను?

సరే, నువ్వు సంతోషిస్తావంటే ఇది కూడా రాస్తాను. రెండు నెలలుగా కిస్తీ కట్టలేదు. వసూలు వాళ్ళు ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చి పేరు పెట్టి పిలుస్తున్నారు. మా సూపర్వైజర్ ముందే. పెట్రోలు పోయలేక కారును తాటిపత్రి కప్పి ఉంచాను. దాని అంచుల్లోంచి సిమెంటు దుమ్ము దూరుతుంది, పొద్దున మంచు పడితే అద్దం మీద పెంకు కడుతుంది. గీకితే అద్దం గీసుకుపోతోంది. డ్యూటీకి నడిచి పోతున్నాను. హారికను స్కూలు వ్యాను మాన్పించాం. పుష్ప దాన్ని రోజూ చెయ్యి పట్టుకొని కారు పక్క నుంచే నడిపించుకుపోతోంది. ఇద్దరూ దాని వైపు చూడరు. వాళ్ళు వెళ్ళే వేళకు నేను ఇంట్లోకి వెళ్ళిపోతాను.

నువ్వే గెలిచావు అక్కా.

గిరి


మోత్కూరు,
డిసెంబర్ 17, 2023

గిరీ,

నీ ఉత్తరం వచ్చాక చాలా రోజులు ఏడ్చాను. ఏడుస్తూ రాస్తే నీకు తెలిసిపోతుందని ఆగాను. ఇప్పుడు ఊరందరికీ తెలిసింది. వేరే ఎవరో నీ చెవిన వేయకముందే నేనే చెప్తాను.

బావకు కిడ్నీలు పోయాయి. షుగర్ ఉందని తెలుసు కదా, అది లోపల లోపలే తినేసింది. నీ సీట్ల గుడ్డకు ముడులు కట్టేనాటికే ఆయన వేళ్ళు ఉబ్బి మొద్దుబారి ఉన్నాయి. ముడి బిగిసిందో లేదో చేతికి తెలిసేది కాదు. ఆ చిలక ముక్కు నా పొరపాటు కాదు. నువ్వు హాస్యమాడుతూ రాసింది చదివితే ఆయన నవ్వాడు, తర్వాత వేళ్ళ వైపు చూసుకొని లేచి వెళ్ళిపోయాడు. జులైలో నూలు పని మీద నల్గొండ తిరుగుతున్నాడని రాశాను కదా, అది దవాఖాన. ఆగస్టు నుంచి వారానికి రెండుసార్లు డయాలసిస్. డబ్బు తీసుకోరు, మంచిగా చూస్తారు. పోవడం రావడమే కష్టం.

పొద్దున్నే మొదటి బస్సు. ఇప్పుడు ఆడవాళ్ళకు టికెట్ లేదు కాబట్టి ఆయనకొక్కడికే కొంటున్నాను. దాంతో బస్సు నిండా జనం, సీటు దొరకదు. పోయేటప్పుడు ఎలాగో నిలబడతాడు. వచ్చేటప్పుడు ఒంట్లో నీరంతా తీసేసి ఉంటారు, కాళ్ళు వణుకుతాయి. నేను నడుము పట్టుకొని నిలబడతాను. ఎవరైనా పుణ్యాత్ములు లేస్తే కూర్చుంటాడు. ఒక రోజు సగం దారిలో బస్సులోనే కింద కూర్చుండిపోయాడు. అప్పుడు నీ ముందు సీటు గుర్తొచ్చింది. నేనెందుకు అబద్ధం చెప్పాలి, చాలాసార్లు గుర్తొచ్చింది.

నీకు ఎందుకు చెప్పలేదంటావు. చెప్తే నువ్వు డ్యూటీలు మానుకొని వారానికి రెండుసార్లు కారేసుకొని వస్తావు. వద్దన్నా ఆగవు. ఉన్న మూడు చీరలు కూడా మా దారిలోనే పోసేస్తావు. "వానికి తెలిస్తే ఆగమైతడు లీలా, చెప్పకు" అని బావ నా చేత ఒట్టు పెట్టించుకున్నాడు. నీ కారు మాకు చిన్నతనం అన్నావే, ఆ మాట మాత్రం బావకు చదివి వినిపించలేదు.

ఇప్పుడు అడుగుతున్నాను. ప్రతిసారీ వద్దు. నెలకు ఒక్కసారి, నీకు సెలవున్న రోజు, దవాఖాన నుంచి ఇంటిదాకా తేగలవా? పెట్రోలుకు నేనిస్తాను. మనవాళ్ళ పద్ధతులు నాకు చెప్పకు, తువ్వాల పెట్టి పంపను.

అక్క


మేళ్లచెరువు,
డిసెంబర్ 27, 2023

అక్కా,

నీ ఉత్తరం వచ్చినప్పుడు నేను గేటు దగ్గర ఉన్నాను. అక్కడే నిలబడి చదివాను. శ్రవణ్ నన్ను పట్టుకొని బెంచీ మీద కూర్చోబెట్టాడు.

కారు లేదక్కా. నీ ఉత్తరం అందడానికి ముందు ఆదివారమే పోయింది. మూడో కిస్తీ కూడా తప్పాక, అమ్మి కట్టకపోతే లాక్కుపోతామన్నారు. నల్గొండ నుంచి ఒక బ్రోకర్ వచ్చి, అద్దం మీది గీతలు చూపించి రేటు దించి, పట్టుకుపోయాడు. ఎవరి కోసమో నేను అడగలేదు. వచ్చింది అప్పుకు చాలలేదు. లేని కారుకు ఇంకా చాలాకాలం కట్టాలి. పుష్ప తాటిపత్రి మడిచి అటక మీద పెట్టింది, వాకిలి ఊడ్చింది. సీట్ల గుడ్డ విప్పుకుందామన్న తెలివి కూడా నాకు రాలేదు. బావ ఉబ్బిన వేళ్ళతో కట్టిన గుడ్డను కారుతో పాటే పంపేశాను.

ఏడాదంతా అది నా వాకిట్లో ఉంది. నువ్వు అడగలేదు. నువ్వు అడిగిన వారానికి నా దగ్గర లేదు. ఎవరిని అనాలో తెలియడం లేదు. నిన్ను తిడదామని రెండుసార్లు మొదలుపెట్టి కాగితం చింపేశాను. ముక్కు గురించి నేను రాసిన వెకిలి మాట నిద్రలో కూడా వినపడుతోంది.

శుక్రవారం బస్సులో వస్తున్నాను. చేతికి ఏమీ తేలేను. బస్సులో బావ నడుము పట్టుకొని నిలబడతాను, అంతవరకైతే చేయగలను.

గిరి


మోత్కూరు,
మార్చి 10, 2024

తమ్మీ,

నువ్వు వచ్చిపోయాక బావ రెండు వారాలు బాగా తిన్నాడు. నువ్వు బస్సులో కండక్టర్‌తో పోట్లాడి సీటు ఇప్పించింది ఊరందరికీ చెప్పుకున్నాడు. మొన్న మంగళవారం జరిగింది నీకు రాయాలా వద్దా అని ఆలోచించాను. ఇక దాచడం చాలనుకొని రాస్తున్నాను.

ఆ రోజు డయాలసిస్ అయ్యాక ఆయనకు బీపీ పడిపోయింది. సాయంత్రం దాకా ఉంచుకొని పంపారు. బస్సులో నిలబెట్టడం నా వల్ల కాదనిపించి, బయట కిరాయి కార్లు ఆగే చోటికి వెళ్ళి ఒకాయనతో మాట్లాడాను. నడీడు మనిషి, మర్యాదస్తుడు. తెల్ల కారు. తెల్ల కార్లు వంద ఉంటాయి, నేనేమీ చూసుకోలేదు. వెనక తలుపు తీస్తుంటే బావ నా చెయ్యి పట్టుకొని ఆపాడు. ముందు సీటు వైపు వేలు చూపించాడు. ముక్కు లేని చిలక అక్కడే ఉంది.

నేను ఆయన మొహం చూశాను. "ఏమనకు" అన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ముందు సీట్లో కూర్చున్నాడు. ఎవరి సాయమూ లేకుండా కూర్చున్నాడు గిరీ. కిటికీ అద్దం దింపించుకొని మోచెయ్యి బయట పెట్టుకున్నాడు. వాళ్ళిద్దరూ దారిపొడుగునా మాట్లాడుకున్నారు. వెనక నాకేమీ వినపడలేదు, ఇంటికి వచ్చాక బావ చెప్పాడు. "బండి మంచిగ నడుస్తాందా అన్నా?" అని అడిగాడట. "ఇంజన్‌కు తిరుగు లేదే. మొదలు ఎవలిదో గని మంచిగ చూసుకున్నడు. అద్దమే జర కరాబయింది" అన్నాడట. బావ అద్దం మీది గీతల వైపు చూశాడట. "మా బామ్మర్దిదని చెప్పకపోయినవా?" అని నేనంటే, "చెప్తే కిరాయి ఎట్ల తీస్కుంటడే? ఆయనకు గూడ కిస్తీలుంటయి" అన్నాడు.

ఇంటి ముందు దిగి కిరాయి ఇచ్చాను. మనవాళ్ళలో ఆ కారుకు కిరాయి కట్టింది నేనొక్కదాన్నే. బావ గడపలో నిలబడి "గాయనకో తువ్వాల పెట్టు లీలా" అన్నాడు. మగ్గం మీది నుంచి ముందు రోజే కోసినది ఒకటి తెచ్చి ఇచ్చాను. ఆయన ఎందుకో అర్థం కాక, తీసుకోవాలో వద్దో తెలియక, చివరికి భుజం మీద వేసుకొని వెళ్ళాడు. బావ ఆ సందు మలుపు దాకా చూస్తూనే ఉన్నాడు.

నీ మాట తీరింది తమ్మీ. ఇది చదివి ఏడవకు.

శుక్రవారం మళ్ళీ వెళ్ళాలి. అదే కారును పిలుద్దామా అన్నాడు బావ, చిన్నపిల్లాడిలా. ఆయన ముడులు కట్టలేకపోతున్నాడు కాబట్టి నేను ఉత్త తువ్వాళ్ళే నేస్తున్నాను. మన ఇంట్లో ఏడో చీర మాట ఎత్తి చాలా రోజులైంది. మంగళవారం ఇచ్చిన కిరాయికే సరుకులు తేలేదు. బస్సుకే పోదామని చెప్పాను. సరేనన్నాడు. తర్వాత నా చెవి దగ్గరికి వచ్చి గట్టిగా, "కిటికీ పక్కన సీటు దొరుకుతదా?" అని అడిగాడు.

దొరుకుతుందని చెప్పాను.

నీ అక్క,
లీలమ్మ